మూత మీద గేరు గుండు

లాండ్రీ గది,
భోజనాల వేళ

ఒరేయ్ పిచ్చుకా,

ఈ ఉత్తరం సీసాకి చుట్టి రబ్బరు బ్యాండు వేశాను. ముందు ఉత్తరం చదువు, తర్వాత మూత తియ్యి. నీ సంగతి నాకు తెలుసు. చిన్నప్పుడు పొట్లం కనిపిస్తే చాలు, దాని మీద ఎవరి పేరుందో కూడా చూసేవాడివి కాదు.

ఫోన్ చెయ్యొచ్చు కదా అంటావు. చేస్తే ఏముందిరా? నువ్వు "బాగున్నానక్కా" అంటావు, నేను "నేనూ బాగున్నాను" అంటాను, ఆ తర్వాత ఇద్దరం అవతలివాళ్ళ ఊపిరి వింటూ కూర్చుంటాం. నా కొడుకు పోయినప్పటి నుంచి మన ఫోన్లన్నీ ఇంతే. కాగితం మీదైతే నువ్వు నాకు అడ్డు రాలేవు. నాకు చదువు లేదు గానీ అక్షరాలు వచ్చు. వంకరగా ఉంటే తల వంచి చదువుకో.

సోమవారం నుంచి నీకు ఆ కరెంటు పెట్టడం మొదలంట కదా. ఆ గ్రంథి పేరు డాక్టరు చెప్తే నువ్వు నాకు చెప్పావు, నాకు నోరు తిరగలేదు. ప్రొస్టేటో ఏదో. ఎక్కడుంటుంది అనడిగితే "ఉంటుందిలే అక్కా" అన్నావు. నీకు లాగులు తొడిగిన దాన్ని, నా దగ్గర నీకు సిగ్గేంట్రా? క్యాన్సరు అన్న మాట విని నేను ఏడ్చానని అనుకోకు. ఏడవలేదు. అటక మీంచి గిన్నె దింపాను.

అవును, ఆ గిన్నే. చిక్కుడు గింజలు నానబోసి, ఉల్లిపాయ వేసి, మెత్తగా ఉడికించి సీసాకి ఎత్తాను. నేనూ తిన్నాను, బాగానే కుదిరాయి. బస్సు కండక్టరు తెచ్చిస్తాడు. అదే, మావాడి స్నేహితుడు. వారం వారం తెస్తానన్నాడు. "నువ్వూ ఎక్కు పెద్దమ్మా, ముందు సీటు ఖాళీగానే ఉంటుంది" అన్నాడు. నేను రాలేనురా. మావాడి లారీ పడిపోయిన మలుపు మీదుగానే ఆ బస్సు వెళ్తుంది. నువ్వు రమ్మని అడగలేదు, నాకు తెలుసు ఎందుకడగలేదో. బతికి ఉండు.

ఉడికిన గింజల ఆవిరికి మూత బిగుసుకుంటుంది. తాళాలు తీసేవాడివి, సీసా మూత తీయలేవా?

నీళ్ళు తాగు.
అక్క


మెట్ల కింది కొట్టు

అక్కా,

సీసా అందింది. మూత తియ్యడానికి నా పెద్ద పట్టకారు కావలసొచ్చింది. పక్కన పుస్తకాలు కుట్టే ముసలాయన చూసి, "ఏంటోయ్, ఎవరి బీరువా?" అన్నాడు. మా అక్క బీరువా అన్నాను. గింజలు ఎప్పటిలాగే ఉన్నాయి. అంతకంటే చెప్పడం నాకు రాదు.

ఆసుపత్రి సంగతి. పొద్దున్నే వెళ్ళాలి. పెద్ద మిషను, దాని కింద బల్ల, బల్ల మీద నేను. నొప్పేమీ లేదు. గంట సేపు భయపడి వెళ్తే, పది నిమిషాల్లో "లేవండి బాబాయ్ గారూ" అంటుంది మిషన్ అమ్మాయి. అసలు తమాషా దానికి ముందుంది. మూత్రం సంచి నిండుగా ఉండాలంట, పేగులు ఖాళీగా ఉండాలంట. అప్పుడే ఆ గ్రంథి కదలకుండా ఒక చోట ఉంటుంది. అందుకని నీళ్ళు తాగించి వరండాలో కూర్చోబెడతారు. మేమంతా నా ఈడు వాళ్ళం, కాళ్ళు బిగించుకుని, ఒకళ్ళనొకళ్ళు నవ్వించకుండా కూర్చుంటాం. అందులో ఒక రిటైరైన బ్యాండు మేళం ఆయన ఉన్నాడు, బూర ఊదేవాడు. నోటితో ఏదో చిన్న రాగం తీస్తాడు. ఇద్దరు లేచి పరిగెత్తారు.

రోగం పెరగకుండా ఉండటానికని ముందే ఒక సూది కూడా పొడిచారు, పొట్టలో. మగతనానికి తాళం వేస్తుందంట. వేసుకోనీ. పెళ్ళాడకుండా తాళాలతోనే కాపురం చేసినవాడికి అదో కొత్తా?

తిండి గురించి ఒక డాక్టరమ్మ ఉంది. ఆవిడ పని అదే, ఏం తినాలో చెప్పడం. కాగితం ఇచ్చింది. ఏవో ఉన్నాయిలే.

నువ్వు గిన్నె దింపావని కండక్టరు కూడా చెప్పాడు. ఇంటి ముందుకొచ్చి ఆగితే లోపల్నుంచి వాసన వచ్చిందంట. కాసేపు గుమ్మం దగ్గరే నిలబడిపోయానన్నాడు.

సీసాలు పంపుతూ ఉండు.
పిచ్చుక


వంటగది

ఒరేయ్ పిచ్చుకా,

నీకు నచ్చాయంటే నాకు ఎంత బలం వచ్చిందో. ఈసారి క్యాబేజీ కూడా సన్నగా తరిగి గింజల్లో వేశాను. మా లాండ్రీలో మేస్త్రమ్మ చెప్పింది. ఆవిడ తమ్ముడి వియ్యంకుడికి ఏదో పేగు జబ్బు వస్తే పీచు ఉన్నవే తినమన్నారంట. పీచు తింటే కడుపు శుభ్రపడుతుంది, కడుపు శుభ్రంగా ఉంటే ఏ రోగమైనా భయపడుతుంది అంది. ఆవిడ దుప్పట్ల మీద మరక చూసి అది కాఫీయో సాసో చెప్పేస్తుంది, అందుకని ఆవిడ మాట మేము వింటాం.

నిన్న గిన్నె తోముతూ ఒక పని చేశాను. మూత మీది గుండుని గుడ్డతో తుడిచి మెరిపించాను. నీకు గుర్తుందా ఆ గుండు? మూత పిడి ఊడిపోతే కొత్త మూత కొనుక్కోనని నేను పట్టు పట్టాను. మావాడు వాడి పాత లారీ అమ్మేసేటప్పుడు గేరు రాడ్డు మీది నల్ల గుండు విప్పి తెచ్చాడు. మూతకి బిగించి, "అమ్మా, ఇప్పుడు నీ గిన్నె ఎత్తు మీదికి కూడా ఎక్కుతుంది" అన్నాడు. రావడమే ఆలస్యంగా వచ్చేవాడు కదా. కాళ్ళు కూడా కడుక్కోకుండా వచ్చి ఆ గుండు పట్టుకుని మూత ఎత్తి, "ఫస్టు గేరు" అనేవాడు. రెండోసారి వడ్డించుకుంటే "సెకండు". నాలుగు దాకా వెళ్ళేవాడు దొంగ. ఎప్పుడొస్తాడో తెలియని పిల్లాడికి గింజలే వండాలి పిచ్చుకా. అన్నం చల్లారిపోతుంది, రొట్టె గట్టిపడుతుంది, గింజలు మాత్రం ఎంతసేపైనా మూత కింద కాచుకుని కూర్చుంటాయి. వాడి కోసం నేను కాచుకున్నట్టే.

ఇంక రాయను, కాగితం తడుస్తుంది. నువ్వు తిను. నువ్వు తింటున్నావని తెలిస్తే నాకు ఇంట్లో చప్పుడు ఉన్నట్టు ఉంటుంది.

నీళ్ళు తాగు.
అక్క


ఆసుపత్రి వరండా

అక్కా,

సీసాలు ఖాళీ. కడిగి కండక్టరుకిచ్చాను. ఒకటి నా దగ్గరే ఉంచుకున్నాను, ఆసుపత్రికి నీళ్ళు తెచ్చుకోవడానికి పనికొస్తోంది.

ఈ వారం కొంచెం చికాకు పెట్టారు. మిషన్ అమ్మాయి ముందు ఒక ఫొటో తీస్తుంది లోపల అంతా సరిగ్గా ఉందో లేదో చూడటానికి. మొన్న ఫొటో చూసి, "బాబాయ్ గారూ, కడుపులో గాలి ఉంది. గాలి పోయేదాకా నడిచి రండి" అంది. వరండా అంతా తిరిగాను. బ్యాండాయన నా వెనకాలే "టం టం" అంటూ నడిచాడు. మళ్ళీ ఫొటో. ఇంకా ఉంది. ఈ రోజు వద్దు, రేపు రండి అంది. ఇవాళ కూడా అదే. పెట్టని రోజులు చివర్లో కలుపుతారంట. గాలి ఎక్కడిదో మరి.

ఇంకోటి. ఆ సూది వల్ల ఒంట్లో ఉన్నట్టుండి మంట లేస్తుంది. కూర్చుని తాళంచెవి ఆకురాయితో అరగదీస్తుంటే మెడ దగ్గర మొదలై, ముఖం ఎర్రబడి, చొక్కా తడిసిపోతుంది. ఒక్క నిమిషం, అంతే, తర్వాత చలి. నిన్న ఒకావిడ తాళం చేయించుకోవడానికి వచ్చి, "ఏంటండీ, నేను బేరమాడితేనే ఇంత చెమటలా?" అంది.

నువ్వు బాధపడకు. నేను బాగానే తింటున్నాను.
పిచ్చుక


లాండ్రీ గది, ఇస్త్రీ బల్ల దగ్గర

ఒరేయ్ పిచ్చుకా,

నీ మంటల సంగతి భోజనాల దగ్గర చదివి వినిపించాను. తిట్టుకోకు. మా గదిలో నా ఈడు వాళ్ళం నలుగురం ఉన్నాం, అందరం ఒక్కసారి నవ్వేశాం. "రా తమ్ముడూ, రా! మాలో కలిశావు!" అంది మేస్త్రమ్మ. మాకు ముట్లు ఆగిపోయినప్పుడు వచ్చేవే నీకు వచ్చాయిరా! మగవాళ్ళకి కూడా ఇది తెలియాలని ఎన్నేళ్ళుగా అనుకుంటున్నామో, ఆ భాగ్యం నీకు దక్కింది.

మా వాళ్ళు చెప్పినవి రాస్తున్నాను. లావు చొక్కా ఒకటి కాకుండా పల్చటివి ఒకదాని మీద ఒకటి వేసుకో, మంట రాగానే పైది తీసెయ్. తడి తువ్వాలు జేబులో పెట్టుకో. వేడి టీ తాగినా, కారం తిన్నా మంట ఎక్కువవుతుంది, టీ కాస్త చల్లారాక తాగు. మా అందరికంటే చిన్నది, మడతలు పెట్టే పిల్ల, "పాపం ఆయన సిగ్గుపడుతున్నాడేమో" అంది. మేస్త్రమ్మ, "సిగ్గు పడటానికి ముఖం ఖాళీ ఏది, ఎప్పుడూ ఎర్రగానే ఉంటుంటే" అంది. చాలా నవ్వాం. నవ్వినందుకు తర్వాత నాకు భయమేసింది. మావాడు పోయాక నేను అంత నవ్వడం అదే మొదటిసారి.

గాలి సంగతి నాకు అర్థమైంది. నీకు పీచు చాల్లేదు! అందుకని ఈసారి రెండు సీసాలు. గింజలు, క్యాబేజీ, ముడి గోధుమ కూడా వేశాను. కడుపు కడిగినట్టయిపోతుంది చూడు. ఆ మిషన్ అమ్మాయి ఫొటో తీసి ముక్కు మీద వేలేసుకుంటుంది.

చికిత్స ఆగకూడదురా. ఒక్క రోజు కూడా పోనివ్వకు. నాకున్నది నువ్వొక్కడివే.

నీళ్ళు తాగు.
అక్క


మెట్ల కింది కొట్టు, తలుపు వేసి

అక్కా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. నేనొక తప్పు పని చేస్తున్నాను, నువ్వు వంట చేసిన మొదటి రోజు నుంచి.

భోజనం డాక్టరమ్మ ఇచ్చిన కాగితంలో ఏవో ఉన్నాయని రాశాను కదా. అందులో ఉన్నది ఇది: కరెంటు పెట్టినన్నాళ్ళూ గింజలు వద్దు, పప్పులు తగ్గించాలి, క్యాబేజీ వద్దు, ఉల్లిపాయ వద్దు, ముడి గోధుమ వద్దు, పచ్చి కూరలు వద్దు. తెల్లన్నం, మెత్తటి తెల్ల రొట్టె, గుడ్డు, చేప, కొవ్వు లేని కోడి, తొక్క తీసి ఉడికించిన క్యారెట్టు, పండిన అరటిపండు, ఇలాంటివి తినాలి. పీచు మంచిదే, మామూలు రోజుల్లో. ఇప్పుడు అది కడుపులో గాలి పుట్టిస్తుంది, ఆ గాలికి గ్రంథి పక్కకి జరుగుతుంది, మిషను గురి తప్పుతుంది. అందుకే వెనక్కి పంపుతున్నారు నన్ను.

నాకు తెలుసు. తెలిసే తిన్నాను. డాక్టరమ్మ అడిగితే "మీరు చెప్పినట్టే తింటున్నానమ్మా" అన్నాను.

ఇవాళ దొరికిపోయాను. నీళ్ళ కోసం నీ సీసా తీసుకెళ్తున్నానని రాశాను కదా. ఆవిడ వరండాలో నా పక్కన కూర్చుని, నేను నీళ్ళు తాగుతుంటే మూత చేతిలోకి తీసుకుంది. లోపల అంచున గింజ తొక్క ఒకటి ఎండి అతుక్కుని ఉంది. గోటితో గీకి నా ముందు పెట్టి, "ఇదేంటి బాబాయ్ గారూ?" అంది. తాళాలు తీసేవాణ్ణి నేను, నా తాళం ఆవిడ గోటితో తీసింది. మా అక్క అన్నాను. అంతా చెప్పాను. గేరు గుండు సంగతి కూడా.

ఆవిడ కోప్పడలేదు. మూత తుడిచి నా చేతిలో పెట్టి, "ఇంకోసారి ఇలా అయితే చికిత్స ఆపి మళ్ళీ కొలతలు తియ్యాలి. ఆపితే రోగానికి ఊపిరి పోసినట్టే. అక్కగారికి మీరు రాస్తారా, నన్ను రాయమంటారా?" అంది. నేనే రాస్తానన్నాను.

ఎందుకు తిన్నానో నీకు తెలియాలి. సంవత్సరం పైన నీ పొయ్యి వెలగలేదు. కండక్టరు వచ్చినప్పుడల్లా చెప్పేవాడు, "పెద్దమ్మ ఇంట్లో వంట వాసన లేదు బాబాయ్" అని. నా రోగం విని నువ్వు గిన్నె దింపావు. వద్దు అని రాస్తే ఆ గిన్నె మళ్ళీ అటక మీదికి పోతుందని భయపడ్డాను. నా కడుపులో గాలి కంటే అదే నాకు పెద్ద భయం.

తిట్టు. కానీ పొయ్యి ఆర్పకు.
పిచ్చుక


ఇంటి గుమ్మం మీద కూర్చుని

ఒరేయ్,

పిచ్చుక అని రాయను. ఇవాళ నువ్వు పిచ్చుకవి కావు, గాడిదవి.

నీకు బుద్ధుందా? డాక్టరమ్మ వద్దు అంటే నువ్వు సీసాలకి సీసాలు మింగుతావా? నేను పెద్ద గొప్పగా రెండు సీసాలు పంపి, ముడి గోధుమ వేసి, నా చేత్తో నేనే నీ చికిత్సకి అడ్డం పడుతుంటే, నువ్వు "బాగున్నాయి, పంపుతూ ఉండు" అని రాస్తావా? నీకేమన్నా అయి ఉంటే నేనేం చేసేదాన్నిరా? గిన్నె పట్టుకుని ఎక్కడికి పోయేదాన్ని? నా పొయ్యి కోసం నీ కడుపు తగలేసుకుంటావా? పొయ్యిదేముంది, అగ్గిపుల్ల గీస్తే వెలుగుతుంది. తమ్ముడు అగ్గిపుల్లకి వస్తాడా?

ఇది నిన్న రాసింది. ఇవాళ మళ్ళీ మొదలుపెడుతున్నాను. నిన్నటిది చింపలేదు. నీకు చేరాల్సిందే.

పిచ్చుకా, నేను కూడా ఒకటి చెప్పాలి. "నేనూ తిన్నాను, బాగానే కుదిరాయి" అని మొదటి ఉత్తరంలో రాశాను కదా. తినలేదు. ఏ వారమూ తినలేదు. ఉప్పు చూడటానికి కూడా నాలుక మీద వేసుకోలేదు, చెయ్యి లెక్క ప్రకారం వేశాను. వండి, సీసాకి ఎత్తి, గిన్నె కడిగి బోర్లించేదాన్ని. తర్వాత టీలో బన్ను ముంచుకుని తినేదాన్ని. మధ్యాహ్నం లాండ్రీలో ఎవరి డబ్బాలోంచో రెండు ముద్దలు. వాడికి పెట్టకుండా ఆ గిన్నెలోది నా నోట్లోకి ఎలా పోతుంది? నీకు పంపుతుంటే మాత్రం ఎవరో ఆలస్యంగా వచ్చి తింటున్నట్టు ఉండేది.

అంటే ఒక గిన్నె చుట్టూ ఇద్దరం అబద్ధాలు ఆడుకున్నాం. తినకూడనివాడు తిన్నాడు, తినాల్సిన మనిషి తినలేదు. మన నాన్న ఉంటే ఇద్దరినీ ఒక తాడుకి కట్టేసేవాడు.

సరే, ఇలా చేద్దాం. ఆ డాక్టరమ్మ కాగితం మొత్తం, అక్షరం పోకుండా నకలు తీసి నాకు పంపు. నువ్వేది తింటే నేనూ అదే తింటాను. గింజలు నీకు లేవు కాబట్టి నాకూ లేవు. సీసాలు పంపను. నువ్వక్కడ వండుకో, నేనిక్కడ వండుకుంటాను. ఏం వండుకున్నావో రాయి. నేను కూడా రాస్తాను, ఈసారి నిజంగా తిని రాస్తాను. డాక్టరమ్మకి చెప్పు, నీ అక్క క్షమించమని అడిగిందని. గాలి ఆవిడ పేషెంటుది కాదు, నాది అని చెప్పు.

నీళ్ళు తాగు, గాడిదా.
అక్క


మెట్ల కింది కొట్టు

అక్కా,

తిట్లు అందాయి. రెండుసార్లు చదువుకున్నాను. నిన్నటి భాగం ఎక్కువ బాగుంది.

కాగితం నకలు దీంతో పెడుతున్నాను. నీ మాటలు డాక్టరమ్మకి చెప్పాను. కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నవ్వినందుకో ఇంకెందుకో నేనడగలేదు. "గింజలు చెడ్డవి కావని చెప్పండి. ఇప్పుడు వద్దు, అంతే" అంది.

ఇప్పుడు నా వంట. కొట్టు వెనక గదిలో ఒంటి పొయ్యి ఉంది, ఇన్నాళ్ళూ దాని మీద మైనం కరిగించేవాణ్ణి. గీకి శుభ్రం చేశాను. మొదటి రోజు అన్నం మాడింది. రెండో రోజు గంజి అయింది. మూడో రోజు పుస్తకాలు కుట్టే ముసలాయన వచ్చి చూసి, "దీనితో అట్టలు అతికించుకోవచ్చు, కాస్త ఇస్తావా?" అన్నాడు. తీసుకెళ్ళాడు కూడా! నాలుగో రోజు అన్నమే అయింది. ఉడికించిన చేప ముక్క, ఉప్పు, కాస్త నిమ్మరసం. తొక్క తీసిన క్యారెట్టు. వేపుడు మానేశాను, మాంసం మానేశాను. ఆ సూదికి పొట్ట పెరుగుతుందంట, ఎముకలు బలహీనమవుతాయంట, అందుకని డాక్టరమ్మ రోజూ నడవమంది, వెన్న తీసిన పాలు తాగమంది. కొట్టు చుట్టూ నడుస్తున్నాను. వీధి కుక్క నాతో పాటు రెండు చుట్లు వచ్చి, ఈయన ఎక్కడికీ పోవట్లేదని తెలుసుకుని పడుకుంది.

అసలు కబురు చివర్లో పెట్టాను. గాలి లేదు. వారమంతా ఒక్క రోజు కూడా వెనక్కి పంపలేదు. మిషన్ అమ్మాయి ఫొటో చూసి, "భలే బాబాయ్ గారూ, పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉంది" అంది. నా పేగుల్ని ఎవరైనా మెచ్చుకోవడం నా జీవితంలో ఇదే మొదలు.

ఏం తిన్నావో రాయి.
పిచ్చుక


వంటగది, తిన్న తర్వాత

ఒరేయ్ పిచ్చుకా,

తిన్న తర్వాతే రాస్తున్నాను, పైన చూడు, అలాగే రాశాను.

అన్నం, ఉడికించిన గుడ్డు, క్యారెట్టు, పైన అరటిపండు. ఇదేం తిండిరా బాబూ! పళ్ళెం చూస్తే మా లాండ్రీ గుర్తొస్తుంది. అన్నీ తెల్లగా, మెత్తగా, మడత పెట్టి ఉన్నట్టు. మరకేది అని వెతికాను. కానీ మొత్తం తిన్నాను. బల్ల దగ్గర కూర్చుని తిన్నాను, గుమ్మంలో నిలబడి కాదు.

మొదటి రోజు గొంతు దిగలేదు, నిజం చెప్తున్నాను. పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చుంటే ఎదురుగా వాడి కుర్చీ. ఇప్పుడు అక్కడ నువ్వు కూడా ఇదే ముద్ద మింగుతూ ఉంటావు అనుకున్నాను. మాడిన అన్నం, అట్టల జిగురు. నవ్వొచ్చింది. నవ్వులో ఒక ముద్ద దిగిపోయింది. రెండోదానికి నేనే "సెకండు గేరు" అనుకున్నాను, పైకి కాదు, లోపల. ఏడుపొస్తుందేమో అని చూశాను. వచ్చింది గానీ, తింటూ ఏడ్చాను. ఇన్నాళ్ళూ ఏడుస్తూ తినకుండా ఉన్నదాన్ని.

మేస్త్రమ్మకి చెప్పాను పీచు సంగతి. ఆవిడ ముఖం చూడాల్సింది. సాయంత్రం వచ్చి ఒక మెత్తటి రొట్టె ముక్క నా చేతిలో పెట్టి, "ఇది తెల్లదే, మీ తమ్ముడికి రాయి" అంది. ఇప్పుడు ఎవరికి ఏ సలహా ఇచ్చినా చివర్లో "డాక్టర్ని అడిగి" అని కలుపుతోంది. నిన్న ఒక పిల్లకి జడ ఎలా వేసుకోవాలో చెప్పి, "డాక్టర్ని అడిగి" అంది.

మంటలు తగ్గాయా? మా వాళ్ళు అడుగుతున్నారు. నీ గురించి రోజూ అడుగుతున్నారు, నువ్వు మా సంఘంలో మెంబరువి.

నీళ్ళు తాగు.
అక్క


ఆసుపత్రి వరండా, చివరిసారి

అక్కా,

అయిపోయింది.

ఇవాళ బల్ల మీంచి లేస్తుంటే మిషన్ అమ్మాయి "మళ్ళీ రాకండి బాబాయ్ గారూ" అంది. ఇంత మంచి మాట నాకు ఎవరూ చెప్పలేదు. బ్యాండాయనకి ఇంకా కొన్నాళ్ళుంది. నేను బయటికొస్తుంటే లేచి నిలబడి, చేతులు బూరలా పెట్టుకుని, వరండా అంతా అదిరేలా నోటితో ఊదాడు. నీళ్ళు తాగి కూర్చున్నవాళ్ళందరూ ఆయన్ని తిట్టుకుంటూ పరుగో పరుగు.

రక్తం పరీక్షలో అంకె బాగా దిగింది. సూదులు ఇంకా కొంతకాలం ఉంటాయి, మంటలూ ఉంటాయి. పెద్ద డాక్టరు "ఇప్పటికి మంచి మాటే చెప్తున్నాను" అన్నాడు. నేను అంతకంటే అడగలేదు. ఆ "ఇప్పటికి"తో నేను కాపురం చేయగలను.

భోజనం డాక్టరమ్మ కొత్త కాగితం ఇచ్చింది. పేగులు కుదుటపడటానికి ఇంకొన్ని వారాలు మెత్తటి తిండే. ఆ తర్వాత ఒక్కొక్కటీ వెనక్కి రావచ్చు, కొంచెం కొంచెంగా. ముడి బియ్యం, ఆకుకూరలు, టమాటా, పప్పులు. అన్నిటికంటే చివర్లో ఆవిడే తన చేత్తో రాసింది: "చిక్కుడు గింజలు. మొదట ఒక్క గరిట. అక్కగారివి."

ఆ వారం వచ్చినప్పుడు చెప్తాను. ఒక చిన్న సీసా పంపు.
పిచ్చుక


లాండ్రీ గది

ఒరేయ్ పిచ్చుకా,

సీసా పంపను.

గిన్నె ఒళ్ళో పెట్టుకుని నేనే వస్తాను. ఆ ముందు సీటు ఖాళీగా ఉంచమని కండక్టరుకి చెప్పాను. మేస్త్రమ్మ సెలవిచ్చింది, డాక్టర్ని అడక్కుండానే. ఏ వారమో నువ్వు చెప్పు చాలు.

నీళ్ళు తాగు.
అక్క


మెట్ల కింది కొట్టు

అక్కా,

వచ్చే ఆదివారం. గింజల్లో ఉల్లిపాయ తక్కువ వెయ్యి.

బస్టాండులో నేనుంటాను. పల్చటి చొక్కాలు రెండు వేసుకుని, చేతిలో తడి తువ్వాలుతో ఒక బక్క మనిషి కనిపిస్తే వాడే. గది ఊడ్చాను. ముసలాయన దగ్గర ఒక కుర్చీ అరువు తెచ్చాను. ఆయన కూడా భోజనానికి వస్తానంటున్నాడు, అట్టలు అతికించుకునే తిండి కాదు కదా అని రెండుసార్లు అడిగాడు.

దారి గురించి నేనేమీ రాయను.
పిచ్చుక


ఇల్లు, తిరిగొచ్చిన మర్నాడు

ఒరేయ్ పిచ్చుకా,

క్షేమంగా చేరాను. నీ కొట్టు బాగుంది. గోడ నిండా వేలాడే తాళంచెవుల్ని చూస్తే వాన ఆగి నిలబడ్డట్టుంది. ఆ ముసలాయన మంచివాడే గానీ నాలుగు గేర్లూ ఆయనే వేశాడు. నువ్వు ఒక్క గరిట పెట్టుకుని, గింజ గింజ ఏరుకుంటూ తింటుంటే, చిన్నప్పుడు అమ్మ నీకు ఆ పేరు ఎందుకు పెట్టిందో మళ్ళీ చూశాను. చిక్కావురా. కానీ కళ్ళు బాగున్నాయి.

ఒకటి అక్కడ చెప్పలేదు. తింటున్న మనిషికి చెప్పే మాట కాదని ఆగాను.

నీ దగ్గరికి వచ్చేటప్పుడు కండక్టరు "మలుపు వచ్చే ముందు చెప్తాను పెద్దమ్మా, కళ్ళు మూసుకుందువుగాని" అన్నాడు. చెప్పొద్దన్నాను. చెప్పకపోయినా తెలిసింది, వాడు నా వైపు చూడకుండా టిక్కెట్లు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. గిన్నె వేడి ఇంకా నా ఒళ్ళో ఉంది. మూత జారకుండా ఆ గుండు మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాను. మలుపు దగ్గర డ్రైవరు బస్సు నెమ్మది చేసి గేరు మార్చాడు. ఆ కుదుపుకి నా చేతిలో గుండు కూడా కదిలింది. మావాడి అరచెయ్యి ఎన్నేళ్ళు పట్టుకున్న గుండు అది, ఒక పక్క నున్నగా అరిగిపోయింది. నా చెయ్యి సరిగ్గా అక్కడే ఉంది. కళ్ళు మూసుకోలేదు పిచ్చుకా. చూశాను. రోడ్డు పక్కన గడ్డి పెరిగింది. ఒకావిడ మేకని తోలుకుపోతోంది. అంతే. బస్సు ఎత్తెక్కింది.

తిరిగి వచ్చేటప్పుడు గిన్నె ఖాళీ కదా, తేలిగ్గా ఉంది. మలుపు దగ్గర నిద్రపోయానంట. కండక్టరు చెప్పాడు.

నువ్వు ఆ కాగితం ప్రకారమే పో, తొందరపడకు. వచ్చే వారం రెండు గరిటలు, అంతకంటే వద్దు. నేను మాత్రం ఇవాళ పొద్దున్న గింజలు నానబోశాను. సీసాకి కాదు. ఎవరూ ఆలస్యంగా రారు. నాకే.

నీళ్ళు తాగు. నేను కూడా తాగుతున్నాను.
అక్క